పక్కన ఎవరున్నారో రాసుకో

ఎమ్మెస్సీ సైకాలజీ రెండో సంవత్సరంలో ప్రాజెక్టు తప్పనిసరి. మా బ్యాచ్‌లో చాలామంది కాలేజీ పిల్లల మీదే చేశారు. పరీక్షల టెన్షన్, సెల్‌ఫోన్ వాడకం, నిద్ర లాంటివి. ఫారాలు పంచితే ఒక పూటలో నిండిపోతాయి. నేను నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే ఆడవాళ్లతో చెయ్యాలనుకున్నాను. మా అమ్మమ్మ, పిన్ని లేసు అల్లినవాళ్లే. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ పని ఇప్పటికీ మా వైపు అరుగుల మీద సాగుతూనే ఉంది. మెడ వంచి, సూది పట్టుకుని, వంటకీ పిల్లలకీ మధ్య దొరికిన ప్రతి గంటా కూర్చునే పని అది. వీళ్లు లేచి కాసేపు నడిస్తే ఒంటికీ మనసుకీ ఎలా ఉంటుంది? ఒంటరిగా నడిస్తే ఒకలా, తోడుతో నడిస్తే ఇంకోలా ఉంటుందా? ఇదీ నా ప్రశ్న.

మా గైడ్ మేడానికి ప్రశ్న నచ్చింది. "కానీ ఇందులో సగం నా సబ్జెక్టు కాదు. మనసు సంగతి నేను చూస్తాను, ఒంటి సంగతికి పీడీ గారిని అడుగుదాం" అన్నారు. మా కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ అంటే పోటీలకి టీములని తీసుకెళ్లే మనిషి అనే అందరి లెక్క. వ్యాయామ శాస్త్రంలో ఆయనకి ఎంత పట్టుందో గ్రౌండ్ పక్క గదిలో కూర్చుని మాట్లాడాకే నాకు తెలిసింది. నేను చెప్పింది విని, "ఇది పాత ప్రశ్నేనమ్మా" అని నార్మన్ ట్రిప్లెట్ అనే అమెరికన్ సైకాలజిస్టు సంగతి ఎత్తారు. సైకిలు పందాల రికార్డులు చూస్తే, గడియారంతో ఒంటరిగా పోటీపడేవాళ్లకంటే పక్కన మరొకరు ఉన్నవాళ్లు వేగంగా వెళ్తున్నారని ఆయన గమనించాడట. ఆ తర్వాత పిల్లల చేత చేపలు పట్టే గాలపు చక్రాలు తిప్పించి, ఒంటరిగా ఒకసారి, జంటగా ఒకసారి కొలిచాడు. 1898లో అచ్చయిన ఆ వ్యాసాన్ని క్రీడా మనస్తత్వ శాస్త్రంలో తొలి ప్రయోగంగా చెబుతారు. "జంటగా తిప్పినప్పుడు పిల్లలందరి వేగమూ పెరగలేదు. కొందరికి తేడా లేదు, కొందరు తడబడ్డారు. ఆ కొందరిని మర్చిపోకు" అన్నారు సార్. ఆ మాట విలువ నాకు తర్వాత తెలిసింది.

మనుషుల మీద పరిశోధన చెయ్యాలంటే ముందు ఎథిక్స్ కమిటీ పరిశీలించి ఒప్పుకోవాలి. మా కాలేజీకి సొంత ఎథిక్స్ కమిటీ లేదు. మరో సంస్థ కమిటీకి దరఖాస్తు పెట్టాం. ఫారాల సంగతి చెప్పి విసిగించను. కానీ అక్కడ జరిగిన ఒక్క సంభాషణ వల్ల నా ప్రాజెక్టు మొత్తం మారిపోయింది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం ఆ కమిటీలో డాక్టర్లతోపాటు చట్టం తెలిసినవారు, సామాజిక శాస్త్రం తెలిసినవారు ఉండాలి, ఏ శాస్త్రంతోనూ సంబంధం లేని మామూలు మనిషి ఒకరు కూడా ఉండాలి. ఆ మామూలు మనిషి రిటైరైన పెద్దాయన. మిగతావాళ్లు కొలతల గురించి అడుగుతుంటే ఆయన కాగితాలు పక్కనపెట్టి, "ఈ ఆడవాళ్లని ఎవరు పిలుస్తారమ్మా?" అన్నారు.

డ్వాక్రా గ్రూపు లీడరు ద్వారా అని చెప్పాం. ఊళ్లో ఏ కార్యక్రమానికైనా అదే దారి.

"లీడరు పిలిస్తే, రేపు లోను కావలసిన మనిషి రానని అనగలదా?"

గదిలో ఎవరూ మాట్లాడలేదు. మేడం అక్కడికక్కడే ప్లాను మార్చారు. ఏ లీడరూ, ఏ వలంటీరూ లేకుండా నేనే ఇంటింటికీ వెళ్లాలి, విషయం చెప్పి కాగితం ఇచ్చి వచ్చెయ్యాలి, మర్నాడో ఆ మర్నాడో ఆమె తనంతట తాను చెప్పాలి. బయటికి వచ్చాక మేడం నా ఫీల్డు నోట్‌బుక్కు తీసుకుని, ప్రతి పేజీ చివర ఒక గడి గీయించారు. "ఏం అడిగినా, ఏం కొలిచినా, ఆ టైములో ఆమె పక్కన ఎవరున్నారో ఇక్కడ రాసుకో" అన్నారు.

ఎంతమంది కావాలన్నది లెక్కతో తేలే విషయం. ఒకే మనిషిని రెండుసార్లు కొలిచే పద్ధతిలో, మధ్యరకం తేడాని ఎనభై శాతం అవకాశంతో పట్టుకోవాలంటే 34 మంది కావాలి. అదే రెండు వేర్వేరు గుంపులని పోల్చే పద్ధతైతే ఒక్కో గుంపుకి 64 మంది. అందుకే ఒకే మనిషి ఒకరోజు ఒంటరిగా, ఇంకో రోజు తోడుతో నడవాలని పెట్టుకున్నాం. మధ్యలో మానేసేవాళ్లు ఉంటారు కాబట్టి ఇంకొంతమందిని అదనంగా చేర్చుకున్నాం.

సంతకం దగ్గర చాలా టైము పట్టింది. మా వైపు ఆడవాళ్లకి సంతకం అంటే అప్పు. "లోను మీదా ఇది? మా ఆయన్ని అడగాలి", "ఆధార్ కావాలా?", "ఎక్కడికన్నా పంపిస్తారా?" ఇవే ప్రశ్నలు. ప్రతి అరుగు మీదా కూర్చుని, ఇందులో డబ్బు లేదు, ఆధార్ లేదు, వద్దంటే ఏమీ పోదు, మొదలుపెట్టాక కూడా ఎప్పుడైనా మానెయ్యొచ్చు అని చెప్పేదాన్ని. చదవడం రానివాళ్లకి మొత్తం చదివి వినిపించి, మాకూ వాళ్లకీ ఏ సంబంధం లేని ఒక సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకోవాలి, ఒక కాపీ వాళ్ల దగ్గర ఉంచాలి. ఒక మామ్మగారు కాగితం అంతా విని, "నేను రానమ్మా, నడుము నొప్పి" అన్నారు. సరే మామ్మగారూ అని లేచాను. నేను బతిమాలతానని ఎదురుచూసినట్టున్నారు. "అంతేనా? రానంటే వదిలేస్తావా?" అని నవ్వి మజ్జిగ ఇచ్చి పంపారు. ఈ సంగతి వీధిలో పాకింది. ఆ తర్వాత వచ్చినవాళ్లు నిజంగా రావాలనిపించే వచ్చారని నా నమ్మకం.

నడకకి ముందు ఏడు ప్రశ్నల ఆరోగ్య పట్టిక నింపి, బీపీ, నాడి చూడాలి. పై బీపీ 180 దాటినా, కింది బీపీ 100 దాటినా, కూర్చున్నప్పుడు నాడి నిమిషానికి 120 దాటినా నడిపించకూడదని ముందే రాసుకున్నాం. ఒకావిడకి పై బీపీ 180 దాటింది. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూశాం, తగ్గలేదు. ఆవిడకి తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, ఉదయమంతా లేసు అల్లి వచ్చారు. "నేను బాగానే ఉన్నాను కదా, నన్నెందుకు తీసేశారు?" అని చిన్నబుచ్చుకున్నారు. పీడీ సార్ ఆమెకి ఎదురుగా కింద కూర్చుని, "అక్కా, నడకకి కాదు, ముందు డాక్టరు దగ్గరికి వెళ్దాం" అని నచ్చజెప్పి, ఆశా కార్యకర్తతో మాట్లాడి అదే రోజు పీహెచ్‌సీకి పంపారు.

నడిపించడానికి చోటు వెతకడం ఇంకో కథ. ఆరు నిమిషాల్లో మనిషి ఎంత దూరం నడవగలడో కొలిచే నడక పరీక్షకి, ఊపిరితిత్తుల వైద్యుల సంఘమైన అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2002లో ఇచ్చిన పద్ధతి ఉంది: చదునైన గట్టి నేల, 30 మీటర్ల సూటి దారి, రెండు చివర్లా తిరిగే గుర్తు, ప్రతి మూడు మీటర్లకీ ఒక గీత. డెల్టాలో నేల చదునే. కానీ కాలువ గట్టు ఎగుడుదిగుడు, సిమెంటు రోడ్డు మీద దాళ్వా (రెండో పంట) ధాన్యం ఆరబోసి ఉంది. ధాన్యం ఎత్తేదాకా ఆగుదామంటే ఎండలు ముదురుతాయి. గోదావరి జిల్లాల ఉక్కపోతలో చెమట ఆరదు కాబట్టి ఒంట్లో వేడి పోదు, అదే నడకకి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది, అప్పుడు మనం కొలిచేది మనిషినా ఎండనా అంటారు సార్. చివరికి తుఫాను షెల్టరు ముందు ఖాళీ జాగా దొరికింది. ఎవరి రెండు నడకలైనా తెల్లవారాక అదే వేళకి జరగాలని నియమం పెట్టుకున్నాం. టేపుతో కొలిచి సుద్దతో గీద్దామని నేను వంగితే, "లే అమ్మాయ్, అలాక్కాదు" అని ఇద్దరు అక్కలు ముగ్గుపిండి తెచ్చారు. టేపు పక్కన వేలు కూడా వణక్కుండా, ఒక్కో గీతా ఒకే మందంలో, దారం పట్టినట్టు వేశారు. రెండు చివర్లా ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. ఎవరికైనా ఆయాసం వస్తే కూర్చోవడానికీ అవే.

ఆ పరీక్షలో మాటలకి కూడా కొలత ఉంటుంది. పరీక్ష పెట్టేవాళ్లు పక్కన నడవకూడదు, "ఇంకా వేగం, ఇంకా వేగం" అని ఎగదోయకూడదు. నిమిషానికోసారి ముందే రాసుకున్న వాక్యం ఒకే గొంతుతో చెప్పాలి: బాగా నడుస్తున్నారు, ఇంకా ఐదు నిమిషాలుంది. ఒంటరి నడకకి ఇదంతా అక్షరాలా పాటించాం. తోడుతో నడక అంటే ముగ్గురేసి కలిసి నడవడం. అది అసలు పరీక్ష కాదు కాబట్టి దానికి ఆ పేరు వాడొద్దని సార్ గట్టిగా చెప్పారు. రిపోర్టులో "అదే దారిలో ఆరు నిమిషాల గుంపు నడక" అనే రాశాం. రెండోసారి నడిచినప్పుడు అలవాటు వల్ల దూరం కొంత పెరుగుతుంది. అందుకని ముందు ఒంటరిగానా గుంపుగానా అన్నది చీటీ తీసి తేల్చాం.

నడక అవ్వగానే ఎంత కష్టం అనిపించిందో బోర్గ్ స్కేలు మీద చూపించాలి. గున్నార్ బోర్గ్ స్వీడన్ సైకాలజిస్టు. ఆయన స్కేలు ఆరు నుంచి ఇరవై దాకా ఉంటుంది. "ఒకటి నుంచి కాకుండా ఆరు నుంచేంటి?" అని ప్రతివాళ్లూ అడిగారు. ఆ అంకెని పదితో హెచ్చిస్తే ఆరోగ్యంగా ఉన్న మనిషి నాడి సుమారుగా వచ్చేలా పెట్టాడని చెబితే, వాళ్లే మణికట్టు పట్టుకుని లెక్క చూసుకోవడం మొదలుపెట్టారు. వ్యాయామాన్ని కొలిచే ఆ అట్టని ఒక సైకాలజిస్టు తయారుచేశాడన్నది మా మేడానికీ సార్‌కీ ఇద్దరికీ ఇష్టమైన సంగతి. ఇక్కడ మరో చిక్కు ఎదురైంది. "నీకెంత కావాలమ్మా? ఎంతంటే నీకు మార్కులొస్తాయో అదే వేసుకో" అనేవారు. ప్రేమతో అన్నమాటే. కానీ ఆ ప్రేమతో వచ్చిన అంకె నాకు పనికిరాదు. అందుకని బోర్గ్ అట్ట చూపించే పని నన్ను తప్పించి, వాళ్లకి అసలు పరిచయం లేని జూనియర్ అమ్మాయికి అప్పజెప్పారు మేడం. ఆ అమ్మాయికి మా ప్రశ్న ఏమిటో కూడా చెప్పలేదు.

ఒత్తిడి కొలవడానికి, సైకాలజిస్టు షెల్డన్ కోహెన్ బృందం 1983లో తెచ్చిన స్కేలుకి పది ప్రశ్నల రూపం వాడాం. గడిచిన నెల రోజుల్లో ఎంత తరచుగా పరిస్థితి చెయ్యి దాటిపోయినట్టు అనిపించింది, ఎంత తరచుగా నెట్టుకురాగలననిపించింది అని అడుగుతుంది. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు, మొత్తం నలభై. పదింట్లో నాలుగు ప్రశ్నలకి స్కోరు తిరగేసి వెయ్యాలి. తెలుగులోకి చేయించి, వేరొకరి చేత వెనక్కి ఇంగ్లీషులోకి చేయించి సరిచూసుకున్నాం. పేపరు మీద అంతే. అరుగు మీద సంగతి వేరు. నేను ప్రశ్న పూర్తి చెయ్యకముందే పక్కింటావిడ, "దానికేం టెన్షనమ్మా, కూతురు కువైట్‌లో ఉంది, నెలనెలా పంపుద్ది" అని జవాబు చెప్పేసింది. అడిగినావిడ నవ్వి, "ఆయ్, నాకేంటండి" అంది. గడిలో "పక్కిల్లు" అని రాసుకుని, ఆ ఫారం లెక్కలోకి తీసుకోలేదు. రెండ్రోజుల తర్వాత తుఫాను షెల్టరు లోపలి గదిలో ఆవిడ ఒక్కర్తే కూర్చున్నప్పుడు మళ్లీ మొదటి ప్రశ్న నుంచి చదివాను. మూడో ప్రశ్నకే సూది పక్కన పెట్టేసింది. ఆ తర్వాత చెప్పినవేవీ నేను ఇక్కడ రాయను, రాయనని మాట ఇచ్చాను. పక్కింటావిడ ఉన్నప్పటి జవాబులకీ ఆ గదిలో జవాబులకీ పొంతన లేదని మాత్రం చెప్పగలను. అప్పటి నుంచి ఒత్తిడి ఫారాలన్నీ ఆ గదిలోనే నింపాం. ఎవరైనా బాగా కుంగిపోయి కనిపిస్తే ఏం చెయ్యాలో అడగబోయే ముందే సిద్ధం చేసుకోవాలని మేడం నియమం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 నంబరు రాసిన చీటీ ప్రతి ఒక్కరికీ ఇచ్చాం. అవసరమైనవాళ్లకి మా మేడమే దగ్గరుండి ఫోను కలిపించారు.

ఇక నడకల్లో నేను చూసినది. చాలామంది గుంపుగా నడిచినప్పుడు ఎక్కువ దూరం నడిచారు. ట్రిప్లెట్ సైకిళ్లలాగే. కానీ ఒక కోడలు పిల్ల ఉంది. ఒంటరిగా నడిచిన రోజు ఆమెని చూసి పీడీ సార్ "ఈ అమ్మాయి స్కూల్లో పరుగుపందెం గెలిచే ఉంటుంది" అన్నారు. కొంగు బొడ్లో దోపి, కుర్చీ దగ్గర ఆగకుండా ఒంటికాలి మీద తిరిగి, ముగ్గు గీతలు దాటుకుంటూ పోయింది. గుంపు నడక రోజు వాళ్ల ముగ్గురిలో ఒకరు ఆమె అత్తగారు. ఆరు నిమిషాలూ ఆ పిల్ల అత్తగారికి అరడుగు వెనకే ఉంది. అడుగు ముందుకి పడబోతుంటే ఆపుకోవడం నా కళ్లకి కనబడుతూనే ఉంది. కుర్చీ దగ్గర ముందు అత్తగారు తిరిగాకే తను తిరిగింది. దూరం బాగా తగ్గింది. విచిత్రం ఏమిటంటే, బోర్గ్ అట్ట మీద మాత్రం ఒంటరి రోజుకంటే ఎక్కువ కష్టం చూపించింది. అత్తగారేమో తను ఒక్కర్తే నడిచినదానికంటే ఎక్కువ నడిచారు, "హాయిగా ఉంది" అన్నారు. గడులు వెనక్కి తిప్పి చూస్తే, అత్తాకోడళ్లు కలిసిపడ్డ గుంపులు మరికొన్ని ఉన్నాయి, కోడళ్ల అంకెలు చాలాచోట్ల అదే దారిలో ఉన్నాయి.

నాకు ఒళ్లు పులకరించింది. ప్రాజెక్టు పేరే మార్చేద్దామన్నాను. మేడం ఒప్పుకోలేదు. వెతకబోయింది ఒకటి, కనబడింది ఒకటి అయినప్పుడు, కనబడినదాన్నే మొదటి నుంచీ వెతికినట్టు రాయడం శాస్త్రంలో పెద్ద తప్పని చెప్పారు. దాని మీద నార్బర్ట్ కెర్ అనే సైకాలజిస్టు 1998లో రాసిన వ్యాసం నా చేత చదివించారు. ఎన్ని గడులు తిప్పితే అన్ని కథలు దొరుకుతాయి, వాటిలో కొన్ని కేవలం యాదృచ్ఛికం. కాబట్టి ఫలితాల్లో ముందు అనుకున్న ప్రశ్నే ఉండాలి, అత్తాకోడళ్ల సంగతి చర్చలో "గమనించినది" అని మాత్రమే రావాలి. ఆ రోజు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ కోడళ్ల మీద గౌరవం ఉన్నవాళ్లు చెయ్యవలసింది అదే. నిజమో కాదో తేలకముందే వాళ్ల జీవితాన్ని శీర్షికగా పెట్టుకునే హక్కు నాకు లేదు.

లెక్కలు కంప్యూటరులో ఒక్క సాయంత్రం పని. పేర్లు లేవు, కోడు నంబర్లే. ఏ నంబరు ఎవరో తెలిపే కాగితం మేడం బీరువాలో ఉంది. సగటున గుంపు నడకలో దూరం పెరిగింది. కష్టం అనిపించడంలో సగటు తేడా నమ్మదగినంత రాలేదు. సగటు వెనక కొందరిది పైకి, కొందరిది కిందికి పోయి ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయని ఒక్కొక్కరికీ ఒక్కో గీత గీసిన బొమ్మ చూస్తేనే తెలుస్తుంది. ఆ బొమ్మ గీయించింది పీడీ సార్. వైవాలో బయటి ఎగ్జామినర్ "కష్టంలో తేడా రాలేదు కదా?" అని మొదలుపెట్టి, ఆ బొమ్మ దగ్గర ఆగి చాలాసేపు చూశారు.

ఫలితాలు ఊరికి తీసుకెళ్లడం మా ప్లానులో మొదటి నుంచీ ఉంది. షెల్టరు వరండాలో అందరం కూర్చున్నాం. ఎవరి దూరం, ఎవరి బీపీ వాళ్లకే మడతపెట్టిన చీటీలో ఇచ్చాం. ఇంటిపని కూడా నడక కిందే వస్తుందా అని అడిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏ కదలికైనా లెక్కకొస్తుందని, వారానికి 150 నిమిషాలు తక్కువ కాకుండా కాస్త ఆయాసం వచ్చే పని ఉండాలని సార్ చెప్పారు. "అయితే సూది పట్టుకుంటేనే కదా తంటా, చీపురు పడితే కాదు" అని ఒకావిడ అందర్నీ నవ్వించింది. నడక నుంచి తప్పించిన అక్క కూడా వచ్చారు. మాత్రలు వేసుకుంటున్నానని, మళ్లీ బీపీ చూడమని చెయ్యి చాపారు.

అందరూ లేచాక ఆ కోడలు పిల్ల నా దగ్గరికి వచ్చి, "అక్కా, మళ్లీ ఎప్పుడన్నా పెడితే, ఎవరితో నడవాలో మేమే చెప్పుకోవచ్చా?" అని అడిగింది.

ఆ ప్రశ్ననే ఇప్పుడు మా జూనియర్ ప్రాజెక్టుగా తీసుకుంది. ఒంటరిగా ఒకసారి, తను ఎంచుకున్న మనిషితో ఒకసారి, ఇంట్లో పెద్దవాళ్లతో ఒకసారి. ఏం వెతుకుతున్నామో, ఎలా లెక్కకడతామో ఈసారి మొదటి నడకకి ముందే రాసి, తేదీ వేసి దాచారు. ఎవరిని ఎంచుకున్నదీ ఆమె గదిలో ఒక్కర్తే ఉన్నప్పుడు చెప్పాలని, ఆ పేరు ఇంట్లోవాళ్లకి తెలియకూడదని కూడా అందులో ఉంది. దరఖాస్తు కమిటీ ముందుంది. ఒప్పుకుంటే సార్వా (మొదటి పంట) నాట్లు అయ్యాక మొదలుపెడదామని పీడీ సార్ అంటున్నారు. నోట్‌బుక్కు చివరి గడి గురించి జూనియర్‌కి నేనే కూర్చుని చెప్పాను.